పెద్ద సంస్థల తరలింపు నివారణకు పన్ను రాయితీలు (అమెరికా రాష్ట్రాలు)

ఒక రాష్ట్రంలో చాలాకాలంగా పనిచేస్తూ వేలాది మందికి ఉద్యోగాలు కల్పిస్తున్న పెద్ద సంస్థ మరొక రాష్ట్రానికి వెళ్ళిపోకుండా ఆపడానికి, అది చెల్లించవలసిన పన్నులో కొంత భాగాన్ని ప్రభుత్వం వదులుకోవడాన్ని తరలింపు నివారణ పన్ను రాయితీ అంటారు. కొత్త పరిశ్రమను రప్పించడానికి ఇచ్చే రాయితీకీ, దీనికీ ముఖ్యమైన తేడా ఉన్నది. మొదటిదానిలో రాష్ట్రానికి ఇంతవరకు లేనిదేదో వస్తుంది. రెండవదానిలో కొత్తగా వచ్చేదేమీ ఉండదు. ఉన్నది పోకుండా ఉండడమే ప్రతిఫలం. అందువలన ఈ రాయితీ వలన నిజంగా మేలు జరిగిందా లేదా అని తేల్చడం చాలా కష్టం. రాయితీ ఇవ్వకపోయినా ఆ సంస్థ అక్కడే ఉండేదేమో అన్న ప్రశ్నకు సంస్థ యాజమాన్యం తప్ప మరెవరూ కచ్చితంగా జవాబు చెప్పలేరు.

ఈ విధానం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బాగా వ్యాప్తి చెందింది. అక్కడ 50 రాష్ట్రాలకు సొంతంగా పన్నులు విధించే అధికారం ఉన్నది. సంస్థలు ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి వెళ్ళడానికి అడ్డంకులేమీ లేవు. ఈ రెండు కారణాల వలన రాష్ట్రాల మధ్య పోటీ తప్పనిసరి అయినది. ఇల్లినాయ్ రాష్ట్రంలో సియర్స్, వాషింగ్టన్ రాష్ట్రంలో బోయింగ్, ఇండియానాలో క్యారియర్ సంస్థల ఉదంతాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు.

చరిత్ర

పరిశ్రమలకు పన్ను మినహాయింపు ఇచ్చే సంప్రదాయం అమెరికాలో దేశం ఏర్పడిన తొలినాళ్ళ నుండే ఉన్నది. 1791లో న్యూజెర్సీ రాష్ట్రం, అలెగ్జాండర్ హామిల్టన్ ప్రోత్సాహంతో ఏర్పడిన ఒక తయారీ సంఘానికి పన్ను మినహాయింపు ఇచ్చింది. ప్యాటర్సన్ పట్టణం ఆ సంఘం కారణంగానే వెలిసింది.

రాష్ట్ర ప్రభుత్వం ఒక పద్ధతి ప్రకారం పరిశ్రమలను ఆకర్షించడం 1936లో మిసిసిపీ రాష్ట్రంలో మొదలైనదని చెప్తారు. గవర్నరు హ్యూ వైట్ కాలంలో 'వ్యవసాయాన్ని పరిశ్రమతో సమతూకం చేయడం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక పథకాన్ని ప్రవేశపెట్టారు. పట్టణాలు బాండ్లు అమ్మి, ఆ సొమ్ముతో కర్మాగార భవనాలు కట్టి, ఉత్తరాది నుండి వచ్చే సంస్థలకు ఇచ్చేవి. తక్కువ కూలి, తక్కువ పన్ను చూపి దక్షిణాది రాష్ట్రాలు ఉత్తరాది పరిశ్రమలను పిలవడం ఆ తరువాతి దశాబ్దాలలో మామూలైపోయింది.

1970ల తరువాత విదేశీ కార్ల కర్మాగారాల కోసం పోటీ తీవ్రమైనది. పెన్సిల్వేనియా రాష్ట్రం పెద్ద ప్రోత్సాహకాలతో రప్పించిన వోక్స్‌వ్యాగన్ కర్మాగారం 1978లో ఉత్పత్తి ప్రారంభించి 1988లో మూతపడింది. 1993లో మెర్సిడెస్ కర్మాగారం కోసం అలబామా సుమారు 25 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు ప్రకటించింది. బయటి రాష్ట్రాలు ఇంత ఇవ్వడానికి సిద్ధపడుతున్నాయని తెలిసిన తరువాత, ఉన్నచోటనే ఉన్న సంస్థలు కూడా తమ సొంత రాష్ట్రాన్ని అడగడం ఆరంభించాయి. తరలింపు నివారణ రాయితీలు విస్తరించడానికి ఇదే ముఖ్య కారణం.

రాయితీలలో రకాలు

రాయితీ అనగానే ప్రభుత్వం సంస్థకు చెక్కు రాసి ఇస్తుందని అనుకోరాదు. సాధారణంగా అది కింది రూపాలలో ఉంటుంది.

1. టాక్స్ క్రెడిట్: సంస్థ కట్టవలసిన ఆదాయపు పన్ను నుండి నిర్ణీత మొత్తాన్ని నేరుగా తగ్గించడం. లెక్కలోకి వచ్చే ఆదాయాన్ని తగ్గించే మినహాయింపు కంటే ఇది సంస్థకు ఎక్కువ లాభకరం.

2. ఆస్తి పన్ను తగ్గింపు: భూమి, భవనాలు, యంత్రాల మీద స్థానిక సంస్థలకు కట్టవలసిన పన్నును కొన్నేళ్ళపాటు తగ్గించడం లేదా రద్దు చేయడం.

3. పన్ను పెరుగుదల మళ్ళింపు (టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్): ఒక ప్రాంతాన్ని ప్రత్యేక ప్రాంతంగా ప్రకటించి, ఆనాటి ఆస్తి పన్నును మూలమట్టంగా తీసుకుంటారు. తరువాత అభివృద్ధి వలన పెరిగిన పన్నును పాఠశాలలకు, ఇతర స్థానిక సంస్థలకు పంచకుండా ఆ ప్రాంత అభివృద్ధి ఖర్చులకే మళ్ళిస్తారు.

4. ఉద్యోగుల పన్నును సంస్థకే వదిలివేయడం: ఉద్యోగి జీతం నుండి సంస్థ కోత విధించిన రాష్ట్ర ఆదాయపు పన్నును ఖజానాకు జమ చేయకుండా తన వద్దనే ఉంచుకోనివ్వడం. 2009లో కాన్సస్ ప్రవేశపెట్టిన 'పీక్' పథకం కింద అర్హత గల సంస్థలు ఈ కోతలో 95 శాతం వరకు ఉంచుకోవచ్చు. ఉద్యోగి తన పన్ను రాష్ట్రానికి చేరిందనే అనుకుంటాడు. నిజానికి అది యజమాని వద్దనే ఉంటుంది.

5. లెక్కింపు సూత్రం మార్పు: పన్ను రేటును మార్చకుండా, సంస్థ ఆదాయంలో ఎంత భాగం ఆ రాష్ట్రానికి చెందుతుందో లెక్కించే సూత్రాన్ని మార్చడం. పైకి ఇది రాయితీలా కనబడదు.

నిర్ణయం జరిగే తీరు

చాలా ఉదంతాలలో సంఘటనల క్రమం ఒకేలా ఉంటుంది. ముందుగా సంస్థ తన స్థావరం విషయమై 'అన్ని అవకాశాలను పరిశీలిస్తున్నాము' అని ప్రకటిస్తుంది. స్థల నిర్ణయంలో సలహాలిచ్చే నిపుణుల ద్వారా ఇతర రాష్ట్రాల నుండి ప్రతిపాదనలు తెప్పిస్తుంది. ఆ వార్తలు పత్రికలలో వస్తాయి. సొంత రాష్ట్ర శాసనసభ్యుల మీద ఒత్తిడి పెరుగుతుంది. తక్కువ గడువులో బిల్లు ఆమోదం పొందుతుంది.

ఈ బేరంలో రెండు పక్షాలకూ ఉన్న సమాచారం సమానం కాదు. తాను నిజంగా వెళ్ళదలచిందో లేదో సంస్థకు తెలుసు, ప్రభుత్వానికి తెలియదు. పైగా రాజకీయంగా చూస్తే, రాయితీ వలన కలిగే నష్టం వేలాది పన్ను చెల్లింపుదారుల మీద కొద్దికొద్దిగా, అనేక సంవత్సరాలపాటు పడుతుంది. సంస్థ వెళ్ళిపోతే కలిగే నష్టం మాత్రం ఒక్కరోజులో, ఒక్కచోట, అందరి కళ్ళ ఎదుట కనబడుతుంది. తన హయాంలో పెద్ద సంస్థ వెళ్ళిపోయిందనే నింద మోయడానికి ఏ గవర్నరూ ఇష్టపడడు.

సియర్స్ – ఇల్లినాయ్

సియర్స్ ఒకప్పుడు అమెరికాలో అతిపెద్ద చిల్లర వర్తక సంస్థ. షికాగోలో 1970లలో అది కట్టించుకున్న సియర్స్ టవర్ రెండు దశాబ్దాలకు పైగా ప్రపంచంలోనే ఎత్తయిన భవనంగా పేరొందింది. 1988లో ఆ సంస్థ తన వర్తక విభాగాన్ని ఆ భవనం నుండి తరలిస్తానని ప్రకటించింది. ఇతర రాష్ట్రాలు పిలుపులు పంపాయి. 1989లో ఇల్లినాయ్ శాసనసభ ప్రత్యేక చట్టం చేసి, షికాగోకు వాయవ్య దిశలో ఉన్న హాఫ్‌మన్ ఎస్టేట్స్ అనే శివారు పట్టణంలో సియర్స్ కోసం ప్రత్యేక ఆర్థికాభివృద్ధి ప్రాంతాన్ని ఏర్పాటు చేయడానికి వీలు కల్పించింది. అక్కడ పెరిగే ఆస్తి పన్నును స్థలాభివృద్ధి ఖర్చులకు మళ్ళించారు. 1992లో సియర్స్ ఉద్యోగులు అక్కడకు మారారు.

ఈ ఏర్పాటు గడువు 2012లో ముగియవలసి ఉన్నది. 2011 జనవరిలో ఇల్లినాయ్ ప్రభుత్వం లోటు పూడ్చుకోవడానికి సంస్థల ఆదాయపు పన్ను రేటును 4.8 శాతం నుండి 7 శాతానికి, వ్యక్తుల ఆదాయపు పన్నును 3 శాతం నుండి 5 శాతానికి పెంచింది. అదే ఏడాది సియర్స్ మళ్ళీ తరలింపు మాట ఎత్తింది. ఓహైయో రాష్ట్రం 40 కోట్ల డాలర్ల వరకు ప్రోత్సాహకాలు ఇవ్వజూపింది. షికాగోలోని పెద్ద ఒప్పంద వ్యాపార వేదిక అయిన సి.ఎం.ఇ. గ్రూపు కూడా పన్ను భారం ఎక్కువైనదని, వెళ్ళిపోవలసి వస్తుందని ప్రకటించింది.

ఇల్లినాయ్ ప్రతినిధుల సభ మొదట ఈ బిల్లును తిరస్కరించింది. తరువాత మార్పులతో 2011 డిసెంబరులో అది ఆమోదం పొందగా గవర్నరు ప్యాట్ క్విన్ సంతకం చేశారు. దీని ప్రకారం సియర్స్‌కు పదేళ్ళపాటు ఏడాదికి 1.5 కోట్ల డాలర్ల టాక్స్ క్రెడిట్ లభించింది. ఆస్తి పన్ను ఏర్పాటును మరో 15 సంవత్సరాలు పొడిగించారు. మొత్తం విలువ సుమారు 27.5 కోట్ల డాలర్లని అంచనా. ప్రతిగా సంస్థ కనీసం 4,250 ఉద్యోగాలను అక్కడ కొనసాగించాలి. సి.ఎం.ఇ. విషయంలో రేటు తగ్గించలేదు. ఎలక్ట్రానిక్ వ్యాపార రాబడిలో 27.54 శాతం మాత్రమే ఇల్లినాయ్‌కు చెందినదిగా లెక్కించాలని సూత్రం మార్చారు. పేద శ్రామిక కుటుంబాలకు ఇచ్చే పన్ను తగ్గింపును పెంచే మరొక బిల్లు కూడా దీనికి జతగా ఆమోదం పొందింది. అది లేకపోతే చాలామంది సభ్యులు ఒప్పుకునేవారు కారు.

పాఠశాలల అభ్యంతరం

ఈ ఒప్పందాన్ని గట్టిగా వ్యతిరేకించినది ఏ రాజకీయ పక్షమో కాదు, స్థానిక పాఠశాలల విభాగం. అమెరికాలో ప్రభుత్వ పాఠశాలల ప్రధాన ఆదాయాలలో స్థానిక ఆస్తి పన్ను ఒకటి. అక్కడి 300వ సంఖ్య గల పాఠశాల జిల్లా పరిధిలో సుమారు 20,000 మంది విద్యార్థులు ఉండేవారు. 1989 చట్టం వలన సియర్స్ ప్రాంతంలో పెరిగిన ఆస్తి పన్నులో పాఠశాలలకు రావలసిన వాటా రెండు దశాబ్దాలకు పైగా వేరేచోటికి మళ్ళింది. గడువు ముగిసిన తరువాత ఆ సొమ్ము తమకు వస్తుందని పాఠశాలలవారు ఎదురుచూశారు. పొడిగింపు వార్త వినగానే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థులు నిరసన తెలిపారు. రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్ళి శాసనసభ్యులను కలిశారు. వారి ఒత్తిడి వలన కొత్త ఒప్పందంలో స్థానిక సంస్థల వాటా కొంత పెరిగింది కాని, పొడిగింపు ఆగలేదు.

ఈ ఉదంతంలో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. రాయితీ నిర్ణయం రాష్ట్ర శాసనసభది. అందులో పెద్ద భాగం భరించినది మాత్రం ఆ నిర్ణయంలో ఓటు లేని పాఠశాల. ఒక తరగతి పిల్లలు బడిలో చేరి, చదువు ముగించి వెళ్ళిపోయేంత కాలంపాటు ఈ భారం కొనసాగింది.

తరువాతి పరిణామాలు

రాయితీ సియర్స్ వ్యాపార క్షీణతను ఆపలేకపోయింది. వాల్‌మార్ట్ వంటి సంస్థల పోటీ, అంతర్జాల వర్తకం, యాజమాన్య నిర్ణయాలు దానికి అసలు కారణాలు. రాష్ట్ర పన్ను వాటిలో చిన్నది. హాఫ్‌మన్ ఎస్టేట్స్‌లో ఉద్యోగుల సంఖ్య నిర్ణీత 4,250 కంటే తగ్గిందని ఆరోపిస్తూ 2018లో పాఠశాల జిల్లా న్యాయస్థానానికి వెళ్ళింది. 2018 అక్టోబరు 15న సియర్స్ దివాలా రక్షణ కోరింది. 2021 చివరలో ప్రధాన కార్యాలయ ప్రాంగణాన్ని అమ్మకానికి పెట్టారు. 2023లో దానిని డేటా కేంద్రాలు నిర్మించే కాంపస్ అనే సంస్థ కొనుగోలు చేసింది. రెండుసార్లు తరలిపోకుండా ఆపిన సంస్థ చివరకు ఎక్కడికీ తరలిపోలేదు, ఉన్నచోటనే కరిగిపోయింది.

బోయింగ్ – వాషింగ్టన్

బోయింగ్ 1916లో సియాటెల్ నగరంలో స్థాపించబడింది. 2001లో ప్రధాన కార్యాలయం షికాగోకు మారింది. అందుకు ఇల్లినాయ్ రాష్ట్రం, షికాగో నగరం కలిసి 20 ఏళ్ళ కాలానికి సుమారు 6 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు ఇవ్వజూపాయి. అయితే విమానాల తయారీ చాలావరకు వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉండిపోయింది.

2003లో కొత్త విమానం (తరువాత 787గా పేరొందినది) ఎక్కడ తయారుచేయాలన్న ప్రశ్న వచ్చినపుడు వాషింగ్టన్ శాసనసభ 20 ఏళ్ళలో సుమారు 320 కోట్ల డాలర్ల విలువైన రాయితీలు ప్రకటించింది. ఆ రాష్ట్రంలో సంస్థల లాభం మీద కాక మొత్తం అమ్మకాల మీద వ్యాపార పన్ను ఉంటుంది. విమాన తయారీకి ఆ రేటును 0.484 శాతం నుండి 0.2904 శాతానికి, అంటే 40 శాతం మేర తగ్గించారు. 787 తయారీకి ఎవరెట్ పట్టణం ఎంపికైనది. కాని 2009 అక్టోబరులో అదే విమానానికి రెండవ తయారీ వరుసను దక్షిణ కరొలీనాలోని నార్త్ చార్లెస్టన్‌లో పెడతామని బోయింగ్ ప్రకటించింది. 2003 చట్టంలో రెండవ వరుసను అడ్డుకునే నిబంధన లేదు.

2013లో 777ఎక్స్ అనే విమానం విషయంలో ఇదే కథ పునరావృతమైనది. గవర్నరు జే ఇన్‌స్లీ నవంబరులో ప్రత్యేక సమావేశం పిలిచారు. కొద్దిరోజులలోనే రాయితీలను 2040 వరకు పొడిగించారు. వీటి విలువ సుమారు 870 కోట్ల డాలర్లని అంచనా. ఒకే సంస్థకు ఒక రాష్ట్రం ఇచ్చిన రాయితీలలో అప్పటికి ఇదే అతిపెద్దదని పత్రికలు రాశాయి. 777ఎక్స్ తుది కూర్పు, రెక్కల తయారీ ఆ రాష్ట్రంలోనే జరగాలన్నది షరతు. మొత్తం ఉద్యోగాల సంఖ్య ఇంతకు తగ్గరాదన్న షరతు మాత్రం లేదు.

బేరం ప్రభుత్వంతో ముగియలేదు. కార్మికులు కూడా పాత పింఛను పద్ధతిని వదులుకోవాలని సంస్థ కోరింది. 2013 నవంబరు 13న యంత్ర కార్మికుల సంఘం సభ్యులు 67 శాతం ఓట్లతో ఆ ఒప్పందాన్ని తిరస్కరించారు. వెంటనే బోయింగ్ ఇతర రాష్ట్రాల నుండి ప్రతిపాదనలు ఆహ్వానించింది. 2014 జనవరి 3న రెండవసారి ఓటింగు జరిగినపుడు 51 శాతంతో ఒప్పందం నెగ్గింది. ఆనాడు పోయిన పింఛను పదేళ్ళ తరువాత కూడా మరపునకు రాలేదు. 2024 సెప్టెంబరు, నవంబరుల మధ్య జరిగిన సమ్మెలో పింఛను పునరుద్ధరణ ఒక ప్రధానమైన కోరిక. జీతాలు పెరిగాయి కాని పింఛను తిరిగి రాలేదు.

2012లో వాషింగ్టన్ రాష్ట్రంలో 85,000కు పైగా ఉన్న బోయింగ్ ఉద్యోగులు 2020 చివరకు 60,000 లోపునకు తగ్గారు. ఈ తగ్గుదలలో కొంత భాగానికి 737 మ్యాక్స్ ప్రమాదాల తరువాతి నిషేధం, కోవిడ్ కారణాలు. అయితే అంతకుముందే సంస్థ కొన్ని విభాగాలను ఇతర రాష్ట్రాలకు మార్చింది.

ఈ రాయితీలు అంతర్జాతీయ వివాదానికి కూడా దారితీశాయి. ఎయిర్‌బస్ పక్షాన ఐరోపా సమాఖ్య ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. వాషింగ్టన్ రాష్ట్రపు తగ్గించిన పన్ను రేటు ఎయిర్‌బస్ అమ్మకాలకు నష్టం కలిగిస్తున్నదని 2019లో తుది తీర్పు వచ్చింది. ప్రతీకార సుంకాలు తప్పించుకోవడానికి, బోయింగ్ సమ్మతితోనే, వాషింగ్టన్ శాసనసభ 2020 ఏప్రిల్ 1 నుండి ఆ రాయితీని రద్దు చేసింది. 2020 అక్టోబరు 1న బోయింగ్ 787 తయారీ మొత్తాన్ని దక్షిణ కరొలీనాకు మారుస్తున్నట్లు ప్రకటించింది. 2003లో ఏ విమానం కోసం రాయితీలు మొదలయ్యాయో ఆ విమానం ఆ విధంగా రాష్ట్రం విడిచి వెళ్ళింది. 2022లో బోయింగ్ ప్రధాన కార్యాలయాన్ని షికాగో నుండి వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌కు మారుస్తున్నట్లు ప్రకటించడంతో ఇల్లినాయ్‌కు కూడా అదే అనుభవం ఎదురైనది.

క్యారియర్ – ఇండియానా

శీతలీకరణ, తాపన యంత్రాలు తయారుచేసే క్యారియర్ సంస్థ 2016 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌లోని తన కర్మాగారాన్ని మెక్సికోలోని మాంటెరేకు తరలిస్తానని ప్రకటించింది. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో ఇది పెద్ద చర్చనీయాంశమైనది. ఎన్నికలు ముగిసిన తరువాత నవంబరులో, అప్పటికి ఇండియానా గవర్నరుగా, ఎన్నికైన ఉపాధ్యక్షుడిగా ఉన్న మైక్ పెన్స్ చొరవతో ఒప్పందం కుదిరింది. పదేళ్ళలో 70 లక్షల డాలర్ల ప్రోత్సాహకానికి సుమారు 800 తయారీ ఉద్యోగాలు నిలిచాయి. కాని ఆ కర్మాగారంలోనే మరికొన్ని వందల ఉద్యోగాలు పోయాయి. అదే మాతృసంస్థకు హంటింగ్టన్ పట్టణంలో ఉన్న మరో కర్మాగారం మూతపడింది. సంస్థ పెట్టదలచిన పెట్టుబడిలో కొంత స్వయంచాలక యంత్రాలకే పోతుందని, దానివలన క్రమేణా ఉద్యోగాలు తగ్గుతాయని మాతృసంస్థ అధిపతి బహిరంగంగానే చెప్పారు.

కాన్సస్ – మిస్సోరీ సరిహద్దు పోటీ

కాన్సస్ సిటీ మహానగర ప్రాంతం రెండు రాష్ట్రాలలో విస్తరించి ఉన్నది. స్టేట్ లైన్ రోడ్ అనే వీధికి ఒకవైపు కాన్సస్, మరొకవైపు మిస్సోరీ. వీధి దాటితే చాలు, సంస్థకు కొత్త రాష్ట్రంలో రాయితీ లభిస్తుంది. ఉద్యోగులు ఇల్లు మారనక్కరలేదు. ఆఫీసుకు వెళ్ళే దారి మాత్రమే మారుతుంది. సినిమా థియేటర్ల సంస్థ ఎ.ఎం.సి. మిస్సోరీ నుండి కాన్సస్‌లోని లీవుడ్‌కు మారగా, హోటళ్ళ సంస్థ యాపిల్‌బీస్ కాన్సస్ నుండి మిస్సోరీకి మారింది. రెండు ఖజానాలూ సొమ్ము కోల్పోయాయి. ప్రాంతం మొత్తం మీద ఉద్యోగాల సంఖ్య పెద్దగా మారలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది.

2011లో స్థానిక వ్యాపార ప్రముఖులు 17 మంది ఇద్దరు గవర్నర్లకూ లేఖ రాసి ఈ పోటీ ఆపమని కోరారు. రాయితీ పొందగల వర్గం నుండే ఈ విన్నపం రావడం విశేషం. చివరకు 2019లో మిస్సోరీ చట్టం చేయగా, కాన్సస్ గవర్నరు లారా కెల్లీ ఆగస్టులో ఉత్తర్వు జారీ చేశారు. సరిహద్దుకు ఇరువైపులా ఉన్న నిర్ణీత కౌంటీల మధ్య కేవలం వీధి దాటే సంస్థలకు రాయితీ ఇవ్వరాదని రెండు రాష్ట్రాలూ అంగీకరించాయి. అయితే 2024లో క్రీడా జట్లయిన చీఫ్స్, రాయల్స్‌ను మిస్సోరీ నుండి ఆకర్షించడానికి కాన్సస్ స్టేడియం నిర్మాణ సహాయ చట్టం చేసింది. 2025లో మిస్సోరీ కూడా వాటిని నిలుపుకోవడానికి మరొక చట్టం చేసింది. దీనితో పోటీ వేరొక రూపంలో తిరిగి మొదలైనది.

ఆర్థిక విశ్లేషణ

రాయితీని సమర్థించేవారి వాదన ఇది. పెద్ద సంస్థ వెళ్ళిపోతే దాని ఉద్యోగాలు మాత్రమే పోవు. దానికి సరుకు అందించే చిన్న సంస్థలు, చుట్టుపక్కల దుకాణాలు, ఇళ్ళ ధరలు, పట్టణ పన్ను ఆదాయం అన్నీ దెబ్బతింటాయి. యాభై ఏళ్ళ వయసులో ఉద్యోగం పోయినవారికి అదే జీతంతో మరో పని దొరకడం కష్టం. మొత్తం పన్ను పోవడం కంటే కొంత వదులుకొని మిగిలినది నిలుపుకోవడం మేలు. పొరుగు రాష్ట్రాలు ఇస్తున్నపుడు తాము మాత్రమే మానుకుంటే నష్టపోయేది తామే అని కూడా వారంటారు.

వ్యతిరేకించేవారు చెప్పేది మరొకటి. సంస్థ ఖర్చులో జీతాలు, రవాణా, ముడిసరుకుల ముందు రాష్ట్ర పన్నుల వాటా చిన్నది. నైపుణ్యం గల పనివారు, మార్కెట్టు, రహదారులు స్థల నిర్ణయంలో అంతకంటే ముఖ్యం. మిషిగన్‌లోని అప్‌జాన్ సంస్థకు చెందిన ఆర్థికవేత్త టిమతీ బార్టిక్ 2018లో అనేక అధ్యయనాలను సమీక్షించి, ప్రోత్సాహకాలు పొందిన సంస్థలలో వాటి వలననే నిర్ణయం మారినవి 2 నుండి 25 శాతం మాత్రమే ఉండవచ్చునని అంచనా వేశారు. మిగిలిన సంస్థలు రాయితీ లేకున్నా అదే నిర్ణయం తీసుకునేవి.

దీని అర్థాన్ని సియర్స్ లెక్కతో తెలుసుకోవచ్చు. టాక్స్ క్రెడిట్ ఏడాదికి 1.5 కోట్ల డాలర్లు, ఉద్యోగాలు 4,250. భాగిస్తే ఒక ఉద్యోగానికి ఏడాదికి సుమారు 3,529 డాలర్లు. ఇది తక్కువగానే కనబడుతుంది. కాని ఇటువంటి నాలుగు సంస్థలకు రాయితీ ఇస్తే అందులో ఒక్కటే నిజంగా వెళ్ళిపోయేది అనుకుందాం. అప్పుడు నిజంగా నిలిచిన ఒక్కొక్క ఉద్యోగానికి అయిన ఖర్చు నాలుగింతలు, అంటే సుమారు 14,100 డాలర్లు అవుతుంది. యాభై సంస్థలలో ఒక్కటే అయితే యాభై ఇంతలు అవుతుంది. ఆస్తి పన్ను నష్టాన్ని ఈ లెక్కలో చేర్చలేదు.

అదీకాక రాష్ట్రాలు తమ బడ్జెట్టును సాధారణంగా సమతూకంలో ఉంచవలసి ఉంటుంది. ఒకరికి తగ్గించిన పన్నును ఇతరుల నుండి వసూలు చేయాలి, లేదా ఖర్చు తగ్గించాలి. తగ్గించిన ఖర్చు పాఠశాలలదైతే, రేపటి నైపుణ్యం గల పనివారు తగ్గుతారు. ఏ కారణంగా సంస్థలు ఒక ప్రాంతాన్ని ఎంచుకుంటాయో ఆ కారణమే బలహీనపడుతుంది. పన్ను సొమ్ము వదులుకోవడం కంటే చిన్న, మధ్యతరహా సంస్థలకు శిక్షణ, సాంకేతిక సలహా వంటి సేవలు అందించడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఉద్యోగాలు నిలుపుతుందని బార్టిక్ అభిప్రాయం.

రాష్ట్రాల స్థితిని ఆటల సిద్ధాంతంలోని 'ఖైదీల సందిగ్ధం'తో పోలుస్తారు. అందరూ మానుకుంటే అందరికీ లాభం. కాని ఎవరు ముందుగా మానుకుంటే వారికి నష్టం. అందుచేత ఎవరూ మానుకోరు.

న్యాయపరమైన అంశాలు

అమెరికా రాజ్యాంగం అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని కాంగ్రెసుకు ఇచ్చింది. దీని ఆధారంగా రాయితీలు చెల్లవని వాదిస్తూ ఒక ముఖ్యమైన కేసు నడిచింది. ఓహైయోలోని టొలీడోలో జీప్ కర్మాగారం కోసం 1998లో సుమారు 28 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు ఇచ్చారు. స్థానిక పన్ను చెల్లింపుదారులు కొందరు సవాలు చేయగా, 2004లో అప్పీలు న్యాయస్థానం పెట్టుబడి టాక్స్ క్రెడిట్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 2006లో డైమ్లర్‌క్రైస్లర్ – క్యూనో కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును పక్కనపెట్టింది. కేవలం రాష్ట్ర పన్ను చెల్లింపుదారులైనంత మాత్రాన ఫెడరల్ కోర్టులో దావా వేసే అర్హత రాదన్నది కారణం. రాయితీ రాజ్యాంగబద్ధమా కాదా అన్న అసలు ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు.

ఐరోపా సమాఖ్యలో పరిస్థితి వేరు. సభ్యదేశాలు తమ సంస్థలకు ఇచ్చే సహాయం పోటీని వక్రీకరించరాదని సమాఖ్య ఒప్పందం 107వ అధికరణం చెప్తుంది. పెద్ద సహాయాలకు ఐరోపా కమిషన్ ముందస్తు అనుమతి కావాలి. అమెరికాలో అటువంటి మధ్యవర్తి లేదు.

సంస్కరణలు

గత అనుభవాల నుండి కొన్ని జాగ్రత్తలు రూపుదిద్దుకున్నాయి.

తిరిగి రాబట్టే నిబంధన: ఉద్యోగాల సంఖ్య తగ్గితే ఇచ్చిన రాయితీని వసూలు చేసే షరతును ఒప్పందంలో చేర్చడం. సంస్థ దివాలా తీస్తే ఈ నిబంధన వలన ప్రయోజనం తక్కువ. అందువలన ముందుగా ఇవ్వకుండా, ఏడాదికేడాది ఉద్యోగాలు లెక్కించి ఇవ్వడం మేలు.

వెల్లడి: 2015లో ప్రభుత్వ లెక్కల ప్రమాణాల మండలి 77వ ప్రమాణాన్ని ప్రకటించింది. దీని ప్రకారం రాష్ట్రాలు, స్థానిక సంస్థలు పన్ను తగ్గింపుల వలన కోల్పోయిన ఆదాయాన్ని వార్షిక లెక్కలలో చూపాలి. మరొకరు ఇచ్చిన రాయితీ వలన తమకు కలిగిన నష్టాన్ని పాఠశాల జిల్లాలు కూడా చూపాలి. 1998లో ఏర్పడిన గుడ్ జాబ్స్ ఫస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఇటువంటి వివరాలను సేకరించి అందరికీ అందుబాటులో ఉంచుతున్నది.

ఆదాయం పంచుకోవడం: మిన్నెసోటా 1971 చట్టం ప్రకారం మినియాపొలిస్ – సెయింట్ పాల్ మహానగర ప్రాంతంలో వాణిజ్య ఆస్తుల పన్ను పునాదిలో పెరిగిన భాగం నుండి 40 శాతాన్ని ఉమ్మడి నిధిలో కలిపి పట్టణాలన్నిటికీ పంచుతారు. పక్క పట్టణం నుండి సంస్థను లాగుకోవడం వలన లాభం తగ్గుతుంది కనుక పోటీ కూడా తగ్గుతుంది.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో కూడా రాష్ట్రాలు అమ్మకపు పన్ను మినహాయింపులతో పోటీపడేవి. 1999 నవంబరులో జరిగిన ముఖ్యమంత్రుల సమావేశంలో, 2000 జనవరి 1 నుండి కనీస రేట్లు పాటించాలని, అమ్మకపు పన్ను ఆధారిత ప్రోత్సాహకాలను నిలిపివేయాలని నిర్ణయించారు. 2017 జూలై 1 నుండి అమలైన వస్తు సేవల పన్ను (జి.ఎస్.టి.) సరుకు తయారైన రాష్ట్రానికి కాక వినియోగమయ్యే రాష్ట్రానికి చెందుతుంది. అందువలన రాష్ట్రాలు ఇప్పుడు నేరుగా పన్ను మినహాయించకుండా, వసూలైన రాష్ట్ర పన్నును బడ్జెట్టు నుండి సంస్థకు తిరిగి చెల్లించే పద్ధతిని అనుసరిస్తున్నాయి. ఖర్చు బడ్జెట్టు పద్దులో కనబడడం ఇందులోని మేలు.

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014లోని 94వ విభాగం రెండు రాష్ట్రాలలోనూ పారిశ్రామికీకరణకు పన్ను ప్రోత్సాహకాలతో సహా తగిన చర్యలు తీసుకోవాలని కేంద్రానికి నిర్దేశించింది. 2015 ఆర్థిక చట్టం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, బీహార్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల వెనుకబడిన ప్రాంతాలలో 2020 మార్చి 31 లోపు నెలకొల్పిన యంత్రాలపై 15 శాతం అదనపు పెట్టుబడి తగ్గింపు కల్పించింది. 2021లో కేరళకు చెందిన కైటెక్స్ వస్త్ర సంస్థ అక్కడ తలపెట్టిన 3,500 కోట్ల రూపాయల పెట్టుబడిని విరమించుకొని, తొలివిడతగా 1,000 కోట్ల రూపాయలతో వరంగల్‌లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు వస్తున్నట్లు ప్రకటించింది. కేరళ విషయంలో ఆ సంస్థ చెప్పిన కారణం పన్ను కాదు, పదేపదే జరిగిన అధికారుల తనిఖీలు. సంస్థలు వెళ్ళిపోవడానికి పన్ను ఒక్కటే కారణం కాదని ఈ ఉదంతం కూడా తెలుపుతుంది.

ఇవి కూడా చూడండి

ఆస్తి పన్ను
వస్తు సేవల పన్ను
ప్రత్యేక ఆర్థిక మండలి
ఖైదీల సందిగ్ధం
ప్రపంచ వాణిజ్య సంస్థ